పాస్టర్ గారు "దేవుడు వద్దంటున్నాడు" అన్నాక ఇక నేను ఆలోచించకూడదా?

కీబోర్డు_తమ్ముడు:
అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. నాకు 28. ఆఫీసులో వేరే ఊరి బ్రాంచికి టీం లీడ్‌గా వెళ్తావా అని అడిగారు, నెలాఖరులోపు అవునో కాదో చెప్పేయాలి. పెళ్ళి కాలేదు, అమ్మానాన్నలు నీ ఇష్టం అన్నారు. అభ్యంతరమల్లా మా పాస్టర్ గారికే. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. డిగ్రీలో ఫెయిలై మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో లైటు కూడా వేసుకోకుండా పడుకున్నప్పుడు వారం వారం వచ్చి పక్కన కూర్చున్నదీ ఆయనే, ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోయేవారు. అందుకే ఆయన మాటంటే నాకు మామూలు మాట కాదు. ఆరాధనలో కీబోర్డు వాయించేది నేనే, యూత్ మీటింగ్ చూసుకునేది కూడా నేనే.

విషయం చెప్పగానే "ప్రార్థన చేసి చెప్తాను" అన్నారు. రెండో రోజు పొద్దున 5:40కి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. "దేవుడు నాకు స్పష్టంగా చూపించాడు నాన్నా, నువ్వు ఇక్కణ్ణుంచి కదలకూడదు." మొత్తం 48 సెకన్లు. దాన్ని ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

ఇంకోపక్క మా బైబిల్ స్టడీ నడిపే ఆంటీ ఉన్నారు, రిటైర్డ్ టీచర్. ఆమె నవ్వేసి "వెళ్ళు నాయనా, దేవుడు అక్కడ లేడా ఏంటి" అన్నారు. ఇద్దరూ ప్రార్థనాపరులే, ఇద్దరికీ నేనంటే ప్రేమే. నేను మోకాళ్ళ మీద కూర్చుంటే మాత్రం నాకేమీ వినపడట్లేదు, టెన్షన్ తప్ప. ఆయన మాట కాదని వెళ్తే దేవుడి మాట కాదన్నట్టేనా? సొంతంగా ఆలోచించడం గర్వమా?

సైలెంట్_మోడ్:
28 ఏళ్ళు వచ్చాక కూడా ఉద్యోగానికి పర్మిషన్ అడగడమేంటి బ్రదర్. వెళ్ళిపోండి.

కాపరి_కొడుకు:
పైన చెప్పినంత తేలిక కాదు. మా నాన్నగారు పాస్టర్, నేను ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి అవతలి పక్క చెప్తాను. బైబిల్లో హెబ్రీ 13:17 చూడండి. నాయకుల మాట విని లోబడి ఉండమంది, వాళ్ళు మీ ఆత్మల విషయంలో లెక్క అప్పజెప్పాల్సినవాళ్ళు అని కారణం కూడా అక్కడే చెప్పింది. మా నాన్న రాత్రిపూట ఒక్కొక్కరి పేరు పెట్టి ప్రార్థించడం నేను చిన్నప్పుడు పక్కగదిలోంచి విన్నాను. అలాంటి మనిషి ఒక మాట చెప్తే దాన్ని గూగుల్ రివ్యూలాగా, నచ్చితే తీసుకుని లేకపోతే వదిలేద్దాం అనుకోవడం నాకు నచ్చదు. ఈ కాలంలో "సొంత ఆలోచన" అని మనం ముద్దుగా పిలుచుకునేది చాలాసార్లు మన కోరికే. సామెతలు 12:15 కూడా చదవండి, మూఢుడికి తన దారి ఎప్పుడూ సరిగానే కనిపిస్తుందట.

గ్రీకు_పిచ్చి:
హెబ్రీ 13:17 గురించి ఒక్క మాట. అక్కడ "మాట విని" అని మనకున్న చోట గ్రీకులో పెయ్థో అనే క్రియ ఉంది. ఒప్పించడం, నచ్చజెప్పడం అన్న అర్థంలోంచి వచ్చిన మాట అది. ఇక్కడున్న రూపానికి నచ్చజెప్పించుకో, నమ్మి విను అన్న ఛాయ ఉంటుంది. అంటే నాయకుడి వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది, ఆయన నచ్చజెప్పాలి. "దేవుడు చూపించాడు" అని 48 సెకన్లలో తేల్చేస్తే నచ్చజెప్పడానికి అవకాశమే లేకుండా పోయింది కదా.

కాపరి_కొడుకు:
ఒప్పుకుంటాను, కానీ మీరు సగమే చెప్పారు. అదే వచనంలో ఆ వెంటనే ఇంకో క్రియ ఉంది, హుపెయ్కో. తగ్గడం, దారివ్వడం అని అర్థం. కొత్త నిబంధన మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. మొదటి మాటను పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే ఎలా?

గ్రీకు_పిచ్చి:
దొరికిపోయాను 🙂 నిజమే, రెండూ ఉన్నాయి.

మళ్ళీ_మొదలు:
తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే నా గుండె దడ ఎక్కువైంది, కాబట్టి నేను చెప్పేదాంట్లో నా గాయం కూడా కలిసి ఉంటుంది, అది తీసేసుకుని చదువు. నేను ఏడేళ్ళు ఒక సంఘంలో ఉన్నాను. అక్కడ ఏ చీర కట్టాలో తప్ప మిగతావన్నీ నాయకుణ్ణి అడగాల్సిందే. ఉద్యోగం మారాలన్నా, సంబంధం చూడాలన్నా, ఆఖరికి చెల్లెలి ఇంటికి వారం రోజులు వెళ్ళాలన్నా. అడక్కుండా చేస్తే "కవరింగ్‌లోంచి బయటికి వెళ్ళావు" అనేవాళ్ళు, అంటే నాయకుడి ఆత్మీయ కాపుదల దాటిపోయావని. ఆ మాట ఎంత భయపెట్టేదంటే, జ్వరం వచ్చినా అందుకే వచ్చిందనుకునేదాన్ని.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా దగ్గర పుట్టిన జబ్బేమీ కాదు. 1970లలో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం అని సరిగ్గా ఇలాంటిదే నడిచింది. ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడాలి, జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ ఆయన ద్వారానే వెళ్ళాలి అన్నారు. మొదలుపెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, విచ్చలవిడితనం చూసి విసిగిపోయి క్రమశిక్షణ కావాలనుకున్న బోధకులు. చివరికి వాళ్ళలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ 1989లో అందరిముందు క్షమాపణ చెప్పాడు. నేను నా నాయకుడి దగ్గర్నుంచి క్షమాపణ కోసం ఎదురుచూడటం మానేశాను గానీ, అది చదివిన రోజు మాత్రం చాలాసేపు ఏడ్చాను.

అయితే రెండో భాగం కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. బయటికొచ్చాక నాలుగేళ్ళు నేను ఎవరి మాటా వినలేదు. ఎవరైనా "నాకేమనిపిస్తోందంటే" అని మొదలుపెడితే చాలు, లోపల తలుపు ధడాలున మూసేసేదాన్ని. ఆ నాలుగేళ్ళలో ఒక స్నేహితురాలు డబ్బు విషయంలో నన్ను చాలా మర్యాదగా హెచ్చరించింది. వినలేదు. నష్టపోయాను. నన్ను నడిపించినవాడు పోయాడు గానీ, నా నిర్ణయాలు ఇంకా వాడి చుట్టూనే తిరుగుతున్నాయి, అప్పుడు వాడు చెప్పాడని చేశాను, ఇప్పుడు వాడిలా ఎవరూ చెప్పకూడదని చేస్తున్నాను. దాన్ని స్వేచ్ఛ అనుకున్నాను చూడు.

పాత_సంచి:
👆 ఈ చివరి పేరా ఇంకోసారి చదివాను సిస్టర్.

కీబోర్డు_తమ్ముడు:
అక్కా, చాలా థాంక్స్. మా పాస్టర్ గారు అలాంటివారు కాదు, అది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. ఇంతవరకు ఏ విషయంలోనూ ఇలా "దేవుడు చూపించాడు" అనలేదు. అందుకే ఇంకా భయంగా ఉంది.

ఊరికే_అడుగుతా:
నాకు 1 రాజులు 13 గుర్తొస్తోంది. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి దేవుడు నేరుగా చెప్పాడు, అక్కడ అన్నం తినకు, నీళ్ళు తాగకు, వచ్చిన దారిన తిరిగి వెళ్ళకు అని. రాజు పిలిస్తే వెళ్ళలేదు, గట్టిగా నిలబడ్డాడు. తర్వాత బేతేలులో ఉన్న ఒక ముసలి ప్రవక్త వచ్చి "నేనూ నీలాగే ప్రవక్తనే, దేవదూత నాకు చెప్పాడు, నిన్ను ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టమన్నాడు" అంటే వెళ్ళిపోయాడు. అది అబద్ధం. దారిలో సింహం చంపేసింది. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది, అబద్ధం చెప్పినవాడు బాగానే ఉన్నాడు, నమ్మినవాడు చచ్చాడేంటి అని. ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కానీ రాజుకు లొంగనివాడు తోటి ప్రవక్తకు లొంగాడు, అది మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది. బెదిరిస్తే తట్టుకుంటాం. మనవాళ్ళు, పెద్దవాళ్ళు దేవుడి పేరుతో చెప్తే మెత్తబడిపోతాం.

కాపరి_కొడుకు:
కానీ అక్కడ ఆయనకు ముందే స్పష్టమైన ఆజ్ఞ ఉంది. తమ్ముడికి "వెళ్ళు" అని దేవుడు చెప్పలేదు కదా, ఆఫీసు చెప్పింది. పోలిక అతకదు.

ఊరికే_అడుగుతా:
అతకదు, నిజమే. గుర్తొచ్చింది రాశానంతే.

జపమాల:
నేను కాథలిక్‌ని, మీ చర్చలోకి తలదూరుస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా దగ్గర ఆత్మీయ సలహాదారులను పెట్టుకోవడం చాలా పాత అలవాటు కాబట్టి దాంట్లో జరిగే పొరపాట్లు కూడా పాతవే, వాటికి కట్టిన కట్టుగోడలూ పాతవే. జెస్విట్ సభను మొదలుపెట్టిన ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో ధ్యానాలు చేయించే గురువులకు ఒక సూచన రాశాడు. ధ్యానంలో ఉన్న మనిషి నిర్ణయం తీసుకునేటప్పుడు గురువు అతన్ని సన్యాసం వైపుకు గానీ మరో వైపుకు గానీ నెట్టకూడదు, త్రాసు ముల్లులా మధ్యలో నిలబడాలి, సృష్టికర్తను ఆ మనిషితో నేరుగా వ్యవహరించనివ్వాలి అని. ఈ మాట రాసింది లోబడటం గురించి అందరికంటే గట్టిగా మాట్లాడిన మనిషి, అది గమనించండి.

ఇంకోటి. 1983 నాటి మా చర్చి చట్టంలో 630వ సూత్రం ప్రకారం, మఠంలో అధికారంలో ఉన్నవాళ్ళు తమ కింద ఉన్నవాళ్ళను "నీ మనస్సాక్షిలో ఉన్నది నాకు విప్పి చెప్పు" అని ఏ విధంగానూ ఒత్తిడి పెట్టకూడదు. వాళ్ళంతట వాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చు, అది వేరు. ఎందుకంటే నీకు డ్యూటీ వేసేవాడు, నీ ఆత్మ సంగతులు వినేవాడు ఒక్కడే అయితే రెండూ కలగాపులగం అవుతాయి. తమ్ముడి విషయంలో నాకు కనబడేది ఇదే. పాస్టర్ గారు ఆయనకు ఆత్మీయ తండ్రి. ఆయన టీంలో కీబోర్డు వాయించేవాడు కూడా తమ్ముడే.

సైలెంట్_మోడ్:
అదీ అసలు పాయింటు. కీబోర్డు పోతుందని భయం.

మళ్ళీ_మొదలు:
అంత తేలిగ్గా అనకు బాబూ. ఒకవేళ అది ఉన్నా ఆయనకే తెలియకపోవచ్చు.

రిటైర్డ్_కాపరి:
నేను 31 ఏళ్ళు సంఘం చూశాను, ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుంటున్నాను. పైన సోదరి చెప్పింది నిజం, మాకే తెలియదు. ఒకటి చెప్తాను.

నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. లెక్కలు, రసీదులు, మైకు సెట్టు, అన్నీ వాడే. వాడికి దూరంగా మంచి ఉద్యోగం వచ్చింది. నేను నిజంగానే ఉపవాసం ఉండి ప్రార్థించాను. ప్రార్థన చేసేకొద్దీ "వాడు వెళ్ళకూడదు" అన్నది నాలో బలపడింది. అది దేవుడి స్వరమే అనుకున్నాను, పూర్తిగా నమ్మాను, వాడికి అలాగే చెప్పాను. వాడు ఉండిపోయాడు. రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం లెక్కల పుస్తకం నా బల్ల మీద పెట్టి, తాళం చెవులు దాని మీద పెట్టి, "అయ్యగారూ, దేవుడు మీకు చెప్పింది నాకెందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు" అని వెళ్ళిపోయాడు. గొడవపడలేదు. గొడవపడి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఎవరు సలహాకు వచ్చినా ముందే చెప్పేసేవాణ్ణి, "నువ్వు వెళ్తే నాకు ఇబ్బంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని నా మాట విను" అని. మొదట్లో సిగ్గుగా ఉండేది. చెప్పాక మాత్రం నా సలహా నాకే తేటగా కనిపించేది.

నాకు ధైర్యమిచ్చింది నాతాను. దావీదు మందిరం కట్టాలనుకుంటున్నానని చెప్తే నాతాను వెంటనే "నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, దేవుడు నీకు తోడుగా ఉన్నాడు" అన్నాడు, 2 సమూయేలు 7లో. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు. పొద్దున్నే నాతాను మళ్ళీ రాజు దగ్గరికి వెళ్ళి నిన్న నేను చెప్పింది తప్పు అన్నట్టు మొత్తం మార్చి చెప్పాడు. ప్రవక్త కూడా మంచి మనసుతో, దేవుడి పేరు వాడి, తప్పు చెప్పగలడు. ఆయన గొప్పతనం రెండోరోజు మళ్ళీ వెళ్ళడంలో ఉంది.

కాపరి_కొడుకు:
అయ్యగారూ, మీ పోస్టు చదివి మా నాన్నకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయను.

యూట్యూబ్_విశ్వాసి:
నాదో చిన్న డౌటు. నేనసలు ఏ ఒక్కరి మీదా ఆధారపడను, అన్ని రకాల ప్రసంగాలూ వింటాను, కాల్వినిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు, అందరూ. నాకు ఏది సరి అనిపిస్తే అది తీసుకుంటాను. ఇది సొంతంగా ఆలోచించడమే కదా?

పాత_సంచి:
బ్రదర్, నేనూ అలాగే ఉండేవాణ్ణి. ఒకసారి లెక్కపెట్టుకుంటే 14 ఛానెళ్ళు. ఒకాయన్ని వదిలేసి పద్నాలుగు మందిని పెట్టుకున్నాను, అందులో ఒక్కరికి కూడా నా పేరు తెలియదు. నేను ఆఫీసులో ఎలా మాట్లాడతానో, ఇంట్లో ఎవరి మీద అరుస్తానో వాళ్ళకి తెలియదు. వాళ్ళకి లోబడటం చాలా సుఖం, నచ్చకపోతే స్క్రోల్ చేసేయొచ్చు.

బెరయ అనే ఊరి వాళ్ళ పేరు అందరం చెప్తాం, అపొస్తలుల కార్యములు 17:11. అపొస్తలుడు పౌలు చెప్పినవి అలా ఉన్నాయో లేదో అని రోజూ లేఖనాలు పరిశోధించారని. కానీ ఆ వచనంలో ముందు ఉన్నది, వాళ్ళు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరించారని. ముందు చెవి పెట్టారు, తర్వాత చేతిలో పుస్తకం పట్టుకున్నారు. పైగా "వాళ్ళు" అన్నది బహువచనం. సమాజ మందిరంలో కలిసి తవ్వారు, ఎవరికి వాళ్ళు గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాదు.

యూట్యూబ్_విశ్వాసి:
హ్మ్. గట్టిగానే తగిలింది.

గ్రీకు_పిచ్చి:
తమ్ముడి ప్రశ్నకే తిరిగి వస్తాను, ఎందుకంటే సరిగ్గా ఇదే పరిస్థితి పౌలుకు వచ్చింది, ఎవరూ ఇంకా ఎత్తలేదేంటా అని చూస్తున్నాను. అపొస్తలుల కార్యములు 21. పౌలు యెరూషలేముకు వెళ్తున్నాడు. తూరులో ఏడు రోజులు ఆగితే అక్కడి శిష్యులు వెళ్ళొద్దన్నారు, అదీ "ఆత్మ ద్వారా" చెప్పారని లూకా రాశాడు. తర్వాత కైసరయలో ఫిలిప్పు ఇంట్లో ఉండగా అగబు అనే ప్రవక్త వచ్చాడు. పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్ళూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు ఎవరిదో వాణ్ణి యూదులు ఇలాగే కట్టి అన్యజనుల చేతికి అప్పగిస్తారని పరిశుద్ధాత్మ చెప్తున్నాడు అన్నాడు. ఇక లూకాతో సహా అందరూ ఏడుస్తూ వెళ్ళొద్దని బతిమాలారు. పౌలు వెళ్ళాడు.

మరి పౌలు ఆత్మ మాట కాదన్నాడా? ముందు అధ్యాయం చూస్తే, బంధకాలు వస్తాయని పరిశుద్ధాత్మ ప్రతి పట్టణంలోనూ తనకు చెప్తూనే ఉన్నాడని, అయినా ఆత్మ బంధించి తీసుకెళ్తున్నట్టు వెళ్తున్నానని ఆయనే చెప్పాడు. ఇప్పుడు అగబు మాటను ఒకసారి మెల్లగా చదవండి. బంధిస్తారు అన్నాడు. వెళ్ళొద్దు అనలేదు. వెళ్ళొద్దు అన్నది చుట్టూ ఉన్నవాళ్ళు. వాళ్ళకు చూపించబడింది నిజం, దాని మీద వాళ్ళు కట్టుకున్న ముగింపు ప్రేమలోంచి వచ్చింది. తూరు వాళ్ళ మాట కూడా ఇలాగే అర్థం చేసుకోవాలని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది. అందుకని తమ్ముడూ, పాస్టర్ గారిని ఒక్కటే అడుగు: "మీకు కనబడింది ఏంటి? దాన్నుంచి మీరు అనుకున్నది ఏంటి?" ఈ రెండూ విడదీసి చెప్పమను.

రిటైర్డ్_కాపరి:
మర్యాదగా అడుగు నాన్నా. నిలదీసినట్టు కాకుండా. ఆయన్ని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

జపమాల:
పౌలు తనే ఈ విడదీయడం చేసేవాడు. 1 కొరింథీ 7లో పెళ్ళిళ్ళ గురించి రాస్తూ ఒకచోట ఇది ప్రభువు ఆజ్ఞ అంటాడు, ఇంకోచోట ప్రభువు ఆజ్ఞ నాకు లేదు, నా అభిప్రాయం చెప్తున్నాను అంటాడు. అపొస్తలుడే అంత జాగ్రత్తగా రాస్తే...

ఊరికే_అడుగుతా:
పౌలు తోటి బోధకుడు అపొల్లో సంగతి కూడా ఉంది! 1 కొరింథీ 16:12. మీ దగ్గరికి వెళ్ళమని అపొల్లోను చాలా బతిమాలాను, ఇప్పుడు రావడానికి అతనికి ఎంతమాత్రం మనసు లేదు, వీలు కుదిరినప్పుడు వస్తాడు అని పౌలు రాస్తాడు. అంతే. ఒక్క ముక్క కోపం లేదు, "దైవజనుడి మాట వినలేదు" అన్న ఎత్తిపొడుపు లేదు. తర్వాతి వచనంలో వేరే విషయానికి వెళ్ళిపోతాడు. పౌలుకు కాదు అని చెప్పి కూడా మంచివాడిగానే మిగలొచ్చన్నమాట.

మొండి_ఘటం:
నేను చదివేసి ఊరుకుందామనుకున్నాను, కానీ అందరూ ఒకవైపే ఒరిగిపోతున్నారు. తమ్ముడూ, కోప్పడకు. నువ్వు ముందు పాస్టర్ గారిని అడిగావు, నచ్చలేదు. ఆంటీని అడిగావు, నచ్చింది. ఇప్పుడు ఇక్కడ అడుగుతున్నావు. కావాల్సిన జవాబు దొరికేదాకా అడగడాన్ని ఆలోచన అనరు. రెహబాము రాజు చేసింది అదే, 1 రాజులు 12. పెద్దలను అడిగాడు, వదిలేశాడు, తనతో పెరిగిన కుర్రాళ్ళను అడిగాడు. హీబ్రూలో ఒక చిన్న తేడా ఉంది. పెద్దలను "ఏం జవాబు చెప్పమంటారు" అని అడిగినవాడు, కుర్రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "మనం ఏం జవాబు చెప్దాం" అంటాడు. ఎవరితో "మనం" అన్నాడో అక్కడే నిర్ణయం అయిపోయింది. నువ్వు ఎవరితో "మనం" అంటున్నావో చూసుకో.

ఎక్కువమంది చెప్పారు కదా అనీ మురిసిపోకు. ఆలోచన చెప్పేవాళ్ళు అనేకులు ఉంటే క్షేమమని సామెతలు 11:14లో ఉంది గానీ, అహాబు రాజు దగ్గర నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే మాట చెప్పారు, యుద్ధానికి వెళ్ళు అని. మీకాయా అనే ప్రవక్త ఒక్కడే కాదన్నాడు. అతనెప్పుడూ నా గురించి మంచి చెప్పడు, అందుకే వాడంటే నాకు గిట్టదు అని అహాబే అన్నాడు. ఆ నాలుగు వందల మందీ తప్పు. అనేకులు అంటే ఒకే మాట చెప్పే అనేకులు కాదనుకుంటా. నీకు గిట్టని మాట చెప్పేవాడు ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, మీ పాస్టర్ గారు.

కీబోర్డు_తమ్ముడు:
కోపం రాలేదు అన్నా. వచ్చింది, తగ్గింది. నిజం చెప్పాలంటే ఆఫర్ వచ్చిన రోజే నేను లోపల బ్యాగు సర్దేసుకున్నాను. ఆయన "వెళ్ళు" అంటే దేవుడి చిత్తం అని స్టేటస్ పెట్టేవాణ్ణి, ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడిగేవాణ్ణి కాదు. కాదన్నారు కాబట్టే పరీక్షిస్తున్నాను. అవునన్న ఆంటీ మాటను ఇంతవరకు పరీక్షించనే లేదు. ఇది ఇప్పుడే తట్టింది, ఆమెను కూడా అడుగుతాను.

మళ్ళీ_మొదలు:
ఈ మాట చాలు నాకు. నువ్వు తప్పిపోవులే.

గ్రీకు_పిచ్చి:
సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నది 1 థెస్స 5:21. సమస్తాన్నీ అంటే నచ్చినవాటిని కూడా అని నేనెప్పుడూ అనుకోలేదు, సిగ్గుగా ఉంది.

కీబోర్డు_తమ్ముడు (ఐదు రోజుల తర్వాత):
ముందు ఆంటీ సంగతి. "మీరు ఎందుకు వెళ్ళమన్నారు" అని అడిగితే కాసేపు ఆలోచించి, "నా పెళ్ళికి ముందు నాకూ ఒక అవకాశం వచ్చింది నాయనా, మా నాన్న పంపలేదు" అన్నారు. వాక్యమూ కాదు, ప్రార్థనా కాదు. తన అనుభవం, దాంట్లో ఒక బాధ. ఆమె మాట విలువ తగ్గలేదు నాకు, కానీ అది ఏంటో తెలిసింది.

బుధవారం ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగాను. పాస్టర్ గారు, నేను కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాం. చేతులు పనిలో ఉంటే మాట్లాడటం తేలిక అనిపించింది. "అయ్యగారూ, దేవుడు మీకు చూపించింది చూపించినట్టు చెప్తారా, ఏం కనిపించింది" అని అడిగాను. ఆయన చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడిపోయారు. "నువ్వు ఒక గదిలో ఒక్కడివే కూర్చుని ఉన్నావు. లైటు లేదు. అంతే." మరి కదలకూడదు అన్నది? చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నేను అనుకున్నాను. నువ్వు మళ్ళీ ఆ మూడు నెలల్లాగా అయిపోతే అక్కడికి వారం వారం ఎవరొస్తారు" అన్నారు.

నేను ఇన్నాళ్ళూ కీబోర్డు గురించేమో అనుకుంటున్నాను చూడండి. అది కూడా ఉందట, నవ్వుతూ ఒప్పుకున్నారు, కొంచెమే అన్నారు.

నిర్ణయం చెప్పేస్తాను. వెళ్తున్నాను. ఆయనకు ఇప్పటికీ సమ్మతి లేదు, "నా మనసు ఒప్పట్లేదు, కానీ తలమీద చేతులుంచి ప్రార్థించి పంపిస్తాను" అన్నారు. ఆయన చూసింది నిజమే అనుకుని వెళ్తున్నాను, అందుకని ఒంటరిగా గది తీసుకోవట్లేదు, ఇద్దరు ముగ్గురు ఉండేచోట చూస్తున్నాను. ఇల్లు చూసుకునేలోపే సంఘం చూసుకోవాలి. ఆదివారం రాత్రి ఆయనకు వీడియో కాల్, వాయిస్ మెసేజ్ కాదు, ముఖం కనబడాలని ఆయనే షరతు పెట్టారు.

కాపరి_కొడుకు:
నేను నీ చోట ఉంటే వెళ్ళేవాణ్ణి కాదు. అయినా నువ్వు అడిగిన తీరు నాకు నచ్చింది.

మొండి_ఘటం:
ఆ గది నిజంగా చీకటైతే దాచుకోకు. నేను చెప్పింది నిజమైంది అనేవాడు కాదు ఆయన.

రిటైర్డ్_కాపరి:
మీ పాస్టర్ గారికి నా వందనాలు చెప్పు. కుర్చీ పట్టుకుని నిలబడిపోయారన్నావే, ఆ నిమిషం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పాత_సంచి:
మరి కీబోర్డు ఎవరు?

కీబోర్డు_తమ్ముడు:
యూత్‌లో ఇంటర్ చదివే ఒక చెల్లి ఉంది, నిన్నటి నుంచి మొదలుపెట్టాం. కుడి చెయ్యి బాగానే వెళ్తోంది, ఎడమ చెయ్యి ఇంకా ఎక్కడికి పోవాలో తెలియక గాల్లోనే ఉంటోంది. మూడు వారాలుంది. నాలుగు పాటలు వస్తే చాలనుకుంటున్నాం.